గోదావరి జిల్లాల్లో డిగ్రీ మధ్యలో కళాశాల మారడం ఎలా: దరఖాస్తు నుంచి కొత్త హాల్‌టికెట్ దాకా

ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం పరిధిలో డిగ్రీ చదువుతున్న విద్యార్థులు, వారి తల్లిదండ్రులు మొదటి సంవత్సరం పరీక్షలు ముగిసే రోజుల్లో ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది. ఇదే విశ్వవిద్యాలయంలోని మరో కళాశాలకు మారాలంటే ఏం చేయాలి? తండ్రి ఉద్యోగ బదిలీ, పెళ్లి, ఇంట్లో అనారోగ్యం, గోదావరికి వరద వచ్చినప్పుడు పంటు (నది దాటించే పడవ) ఆగిపోయి సఖినేటిపల్లి నుంచి నరసాపురం చేరలేకపోవడం, ఇలా కారణాలు ఎవరివి వారికి ఉంటాయి గానీ, కాగితాలు నడవవలసిన వరుస మాత్రం అందరికీ ఒకటే. ఆ వరుస తప్పినవారికి ఒక సెమిస్టరో, ఒక్కోసారి ఏడాదో పోతోంది కాబట్టి, మొదటినుంచి చివరిదాకా ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్పాలి. చేరబోయే కళాశాల సమ్మతి, విశ్వవిద్యాలయం అనుమతి రెండూ చేతికి రాకుండా టీసీ (బదిలీ ధ్రువపత్రం) తీసుకోవద్దు. టీసీ ఇచ్చిన క్షణం నుంచి పాత కళాశాల రిజిస్టరులో మీ పేరు ఉండదు. అనుమతి రాకపోతే ఏ కళాశాలలోనూ విద్యార్థి కాని స్థితిలో మిగిలిపోతారు.

1. మీది ఏ రకం బదిలీయో తేల్చుకోండి

అనుబంధ కళాశాల నుంచి మరో అనుబంధ కళాశాలకు, అదే కోర్సులో, అదే మేజర్‌తో (ప్రధాన సబ్జెక్టుతో) మారడం అన్నిటికంటే సులువు. పాఠ్యప్రణాళిక ఒకటే, పరీక్ష పెట్టేదీ విశ్వవిద్యాలయమే.

రెండింటిలో ఒకటి స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాల అయితే పని పెరుగుతుంది. కాకినాడ పి.ఆర్. ప్రభుత్వ కళాశాల, రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాల, భీమవరం డి.ఎన్.ఆర్. కళాశాల, నరసాపురం వై.ఎన్. కళాశాల వంటివి ఈ కోవలోకి వస్తాయి. పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయమే అయినా, ఇవి తమ పాఠ్యాంశాలను తామే కొంత మార్చుకుంటాయి, పరీక్షలు తామే పెట్టుకుంటాయి, మార్కుల మెమోలు తామే ఇస్తాయి. అందువల్ల ఒకే విశ్వవిద్యాలయం కదా అన్న భరోసాతో దిగితే, పేపర్లు కలవక ఇబ్బంది పడతారు.

ప్రభుత్వ కళాశాలలోకి రావాలనుకునేవారికి కళాశాల విద్యా కమిషనరేట్ నిబంధనలు కూడా వర్తిస్తాయి. ఆ సంగతి ఆ ప్రిన్సిపల్‌ను మొదటి రోజే అడగాలి.

పీజీ విద్యార్థులు విశ్వవిద్యాలయ ప్రాంగణాల మధ్య, అంటే రాజమహేంద్రవరం, కాకినాడ, తాడేపల్లిగూడెం మధ్య మారాలనుకుంటే, ముందుగా తమ కోర్సు అవతలి ప్రాంగణంలో ఉందో లేదో చూసుకోవాలి. ఒక చోట ఉన్న కోర్సులన్నీ మరో చోట ఉండవు. ఇంజనీరింగ్ విద్యార్థుల దారి పూర్తిగా వేరు. జేఎన్‌టీయూ కాకినాడ పరిధిలో అడ్మిషన్లు ముగిశాక బ్రాంచి మార్పు ఉండదు, కళాశాల మార్పు ప్రభుత్వ మార్గదర్శకాలకు లోబడి ఉంటుంది. అక్కడ వెసులుబాటు చాలా తక్కువ. అందుకే వారు ఈ వ్యాసంలోని వరుసను యథాతథంగా పాటించకుండా, ముందుగా తమ బ్యాచ్ నియమావళిని తెరిచి చదవాలి.

వేరే విశ్వవిద్యాలయానికి వెళ్లేవారికి మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి. అది ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

2. ఎప్పుడు మొదలుపెట్టాలి

బదిలీలను సాధారణంగా విద్యా సంవత్సరం ఆరంభంలో, అంటే మూడో సెమిస్టర్ మొదలయ్యే ముందు పరిశీలిస్తారు. ఐదో సెమిస్టర్ ముందు మారడం కూడా ఉంటుంది గానీ, అప్పటికి ఇంటర్న్‌షిప్ లెక్కలు చిక్కుపడతాయి కాబట్టి, తప్పనిసరి కాకపోతే ఆ దశలో కదలవద్దని నా సలహా. సెమిస్టర్ మధ్యలో మారాలనుకోవడం మాత్రం ఎవరికీ మంచిది కాదు. హాజరు రెండు కళాశాలల మధ్య చీలిపోయి, పరీక్షకు అవసరమైన 75 శాతం నిలబడదు.

రెండో సెమిస్టర్ పరీక్షలు ముగిసిన వారంలోనే తయారీ మొదలుపెట్టండి. ఫలితాల కోసం ఆగనక్కర్లేదు. విశ్వవిద్యాలయం ఆ ఏటికి ఇచ్చే ప్రకటనలో దరఖాస్తు గడువు, చెల్లించవలసిన రుసుము ఉంటాయి. అవి ఏటేటా మారవచ్చు కాబట్టి, పోయిన ఏడాది మారిన స్నేహితుడి మాట మీద ఆధారపడవద్దు.

ఇంకో సంగతి. ఈ కాగితాల పనులు నడిచే జూలై, ఆగస్టు నెలలే గోదావరికి వరద వచ్చే నెలలు. కోనసీమ నుంచి రాజమహేంద్రవరం, నరసాపురం తిరగవలసినవారు చివరి రోజు దాకా ఆగితే, రేవు మూసినందువల్ల గడువు దాటిపోయే ప్రమాదం ఉంది. గడువుకు కనీసం వారం ముందే దరఖాస్తు ఇచ్చేయండి.

3. పేపర్లను పక్కపక్కన పెట్టి పోల్చుకోండి

బదిలీలో అసలైన పని ఇదే. చాలామంది దీన్ని వదిలేసి, సీటు దొరికిందని సంబరపడి చేరిపోతారు. ఐదో సెమిస్టర్‌లో గాని తమకు రెండు పేపర్లు తక్కువ ఉన్నాయని తెలియదు.

ఒక గీతల కాగితం తీసుకుని నాలుగు నిలువు గడులు గీయండి. మొదటి గడిలో మీరు ఇప్పటిదాకా చదివిన ప్రతి పేపరు పేరు, మెమోలో ఉన్నది ఉన్నట్టుగా రాయండి. రెండో గడిలో దాని క్రెడిట్లు (ఆ పేపరుకు ఇచ్చే పాయింట్లు). మూడో గడిలో చేరబోయే కళాశాలలో అదే సెమిస్టర్‌కు ఉన్న పేపరు. నాలుగో గడిలో దాని క్రెడిట్లు. ఒక్కో పేపరూ రాస్తూ పోతే, ఎక్కడ పేరు వేరుగా ఉంది, ఎక్కడ క్రెడిట్లు తేడాగా ఉన్నాయి, ఏ పేపరు అసలే లేదు అన్నది కళ్లముందు కనబడుతుంది.

పేరు వేరైనంత మాత్రాన పాఠం వేరని అనుకోనక్కర్లేదు. యూనిట్లు తెరిచి చూడాలి. దీనికి విరుద్ధమైన సందర్భం మరింత ప్రమాదకరం. మీరు మూడో సెమిస్టర్‌లో చదవవలసిన పేపరును స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాల రెండో సెమిస్టర్‌లోనే చెప్పేసి ఉండవచ్చు. అప్పుడు అక్కడ చేరినవారికి ఆ పేపరు తరగతులే ఉండవు. మీరు ఇప్పటికే చదివిన మరో పేపరును మళ్లీ కూర్చుని వినవలసి వస్తుంది. తప్పిన పేపరును సొంతంగా చదువుకుని, ఆ కళాశాల అనుమతించిన పద్ధతిలో పరీక్ష రాసుకోవాలి. ఇది సాధ్యమే గానీ, ఎప్పుడు రాయనిస్తారో చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

2023-24లో మొదలైన ఏక మేజర్ విధానంలో చేరినవారు మేజర్‌తో పాటు మైనర్‌ను (దానికి తోడుగా చదివే రెండో సబ్జెక్టును) కూడా సరిపోల్చుకోవాలి. మేజర్ ఉంది కదా అని వెళితే, అక్కడ మీ మైనర్ చెప్పే అధ్యాపకుడు ఉండకపోవచ్చు. ఆక్వాకల్చర్ వంటి మేజర్ కొన్ని కళాశాలల్లోనే ఉంటుంది. జువాలజీ ఉన్నచోట సర్దుకుంటారులే అనుకోవడానికి వీల్లేదు, అవి రెండు వేర్వేరు మేజర్లు.

మార్కుల విభజన కూడా చూడండి. అనుబంధ కళాశాలల్లో ఇంటర్నల్‌కు, విశ్వవిద్యాలయ పరీక్షకు ఉన్న నిష్పత్తిని స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలు వేరుగా పెట్టుకోవచ్చు. పాత మార్కులను కొత్త లెక్కలోకి ఎలా తీసుకుంటారో పరీక్షల విభాగాన్ని అడగాలి.

మొదటి సంవత్సరం తర్వాత చేసే సామాజిక సేవా ప్రాజెక్టును ఎవరూ గుర్తుపెట్టుకోరు. దాని నివేదికను మదింపు చేసి మార్కులు వేయవలసింది పాత కళాశాలే. ఆ మార్కులు పంపించారని నిర్ధారించుకున్న తర్వాతే మిగతా పని చూడండి. లాగ్‌బుక్ జిరాక్స్ ఒకటి మీ దగ్గర పెట్టుకోండి.

పోలిక పట్టీ పూర్తయ్యాక, చేరబోయే కళాశాలలో మీ మేజర్ విభాగాధిపతికి దాన్ని చూపించి, "ఈ పేపర్లు సరిపోతాయి, ఈ పేపరు అదనంగా రాయాలి" అని ఆయన చేతనో ఆమె చేతనో సంతకంతో రాయించుకోండి. తర్వాత ఎవరు మారినా ఆ సంతకం మీకు పనికొస్తుంది.

4. చేరబోయే కళాశాలలో ఖాళీ, సమ్మతి

మంజూరైన సీట్లలో ఖాళీ ఉంటేనే బదిలీపై తీసుకోగలరు. మొదటి సంవత్సరంలో చేరి మానేసినవారి వల్ల చాలా సెక్షన్లలో ఖాళీలు ఉంటాయి. "మీ కోర్సులో రెండో సంవత్సరానికి మంజూరైన సీట్లెన్ని, ప్రస్తుతం రిజిస్టరులో ఎందరున్నారు?" అని నేరుగా అడగండి. "చూద్దాం రండి" అన్న సమాధానాన్ని సమ్మతిగా లెక్కపెట్టవద్దు.

ప్రిన్సిపల్ సంతకం, కళాశాల ముద్ర, తేదీ, మీ పేరు, కోర్సు, సెమిస్టర్, ఖాళీ ఉందన్న మాట, ఇవన్నీ ఉన్న సమ్మతి పత్రం కావాలి. ఒరిజినల్ విశ్వవిద్యాలయానికి వెళుతుంది కాబట్టి రెండు జిరాక్స్‌లు తీసి ఉంచుకోండి.

5. ఇప్పటి కళాశాలలో నో డ్యూస్, ఎన్‌వోసీ

కొత్త కళాశాల సమ్మతి చేతికి వచ్చాకే పాత కళాశాలలో విషయం చెప్పండి. ముందే చెబితే వచ్చే లాభం ఏమీ లేదు.

ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కోసం ప్రిన్సిపల్‌ను కలిసేటప్పుడు అమ్మానాన్నల్లో ఒకరు వెంట ఉండటం మంచిది. కారణాన్ని ఉన్నదున్నట్టు చెప్పి, రుజువు కాగితం చూపించండి. తండ్రి బదిలీ ఉత్తర్వు, వైద్యుడి పత్రం, పెళ్లి ధ్రువపత్రం, కొత్త చిరునామా ఉన్న ఆధార్, వీటిలో ఏది వర్తిస్తే అది చాలు. కళాశాల మీద ఫిర్యాదులను కారణంగా రాయవద్దు. అవి నిజమే అయినా ఈ దరఖాస్తులో వాటివల్ల పని ఆగుతుంది.

బకాయిలేవీ లేవని చెప్పే నో డ్యూస్ పత్రం మీద గ్రంథాలయం, ప్రయోగశాలలు, ఎన్‌సీసీ లేదా ఎన్‌ఎస్‌ఎస్, హాస్టల్, ఫీజుల గుమస్తా, ఇలా వరుసగా సంతకాలు కావాలి. ఎక్కువగా ఆగేది ఫీజుల దగ్గరే. ప్రభుత్వం కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఇంకా రాలేదు, మీరే కట్టి వెళ్లండి అనవచ్చు. అప్పుడు వాదన పెట్టుకోకుండా, ఏ సంవత్సరానికి ఎంత ఫీజు, ప్రభుత్వం నుంచి ఎంత జమైంది, ఎంత రావాలి అన్న లెక్కను రాసి ఇవ్వమని అడగండి. కట్టక తప్పకపోతే రసీదు మీద "రీయింబర్స్‌మెంట్ వచ్చిన పిదప తిరిగి చెల్లించబడును" అని రాయించుకోండి. ఈ ఒక్క వాక్యం లేక సొమ్ము వదులుకున్న కుటుంబాలు ఉన్నాయి.

పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్స్ కళాశాల దగ్గర ఉండిపోతే వాటిని అడిగి తీసుకోండి. విద్యార్థుల ఒరిజినల్ ధ్రువపత్రాలను విద్యాసంస్థలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది.

6. విశ్వవిద్యాలయానికి దరఖాస్తు

దరఖాస్తు పాత కళాశాల ప్రిన్సిపల్ ద్వారా వెళ్లాలి. నేరుగా ఇస్తే "ప్రిన్సిపల్ ద్వారా పంపండి" అని తిప్పి పంపుతారు. విశ్వవిద్యాలయం నమూనా ఫారం ఇచ్చి ఉంటే అదే వాడండి. వెంట ఉంచే లేఖ ఈ తీరులో ఉండవచ్చు.

"రిజిస్ట్రార్ గారికి, ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, రాజమహేంద్రవరం. ప్రిన్సిపల్ గారి ద్వారా.

విషయం: మూడో సెమిస్టర్ నుంచి కళాశాల మార్పునకు అనుమతి కోరుట.

అయ్యా, నేను (కళాశాల పేరు)లో (కోర్సు, మేజర్, మైనర్) రెండో సెమిస్టర్ పూర్తిచేశాను. నా హాల్‌టికెట్ నంబరు (…). (కారణం) వల్ల (ఊరు)లోని (కళాశాల)లో చదువు కొనసాగించదలచాను. ఆ కళాశాల సమ్మతి పత్రాన్ని, ప్రస్తుత కళాశాల ఎన్‌వోసీని, మెమోల నకళ్లను, పేపర్ల పోలిక పట్టీని జతపరిచాను. అనుమతి ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను."

కారణం రెండు వాక్యాలకు మించనవసరం లేదు.

దరఖాస్తుకు జతచేయవలసినవి:

☐ రెండు కళాశాలల పత్రాలు: సమ్మతి, ఎన్‌వోసీ
☐ అన్ని సెమిస్టర్ల మెమోల నకళ్లు, గెజిటెడ్ అధికారి లేదా ప్రిన్సిపల్ ధ్రువీకరణతో
☐ విభాగాధిపతి సంతకం ఉన్న పోలిక పట్టీ
☐ హాజరు ధ్రువపత్రం, ప్రవర్తన ధ్రువపత్రం
☐ కారణానికి రుజువు
☐ రుసుము చెల్లించిన చలానా లేదా ఆన్‌లైన్ రసీదు
☐ ఆధార్, పదో తరగతి మెమో నకళ్లు

ఇచ్చిన ప్రతి కాగితానికీ మీ నకలు మీద ఇన్‌వార్డ్ (అందినట్టు తెలిపే) ముద్ర, నంబరు, తేదీ వేయించుకోండి. ఆ నంబరు లేకుండా మళ్లీ వెళ్లి అడిగితే, మీ ఫైలు ఏ సెక్షన్‌లో ఉందో చెప్పడం అక్కడి సిబ్బందికి కూడా కష్టమే.

7. అనుమతి వచ్చాక టీసీ, చేరిక

అనుమతి ఉత్తర్వులో నాలుగు విషయాలు చదవండి: మీ పేరు అక్షరాలు, కోర్సు, ఏ సెమిస్టర్ నుంచి, ఎన్ని రోజుల్లోపు చేరాలి. షరతుగా అదనపు పేపర్లు పేర్కొంటే వాటిని మీ పోలిక పట్టీతో సరిచూసుకోండి.

టీసీ తీసుకునేటప్పుడు కౌంటరు దగ్గరే నిలబడి చదవండి. "విడిచిన కారణం" దగ్గర "చదువు మానివేత" అని పడితే కొత్త కళాశాలలోనూ, స్కాలర్‌షిప్ దగ్గరా ప్రశ్నలు వస్తాయి. "విశ్వవిద్యాలయ ఉత్తర్వుల మేరకు బదిలీ" అని, ఉత్తర్వు నంబరుతో ఉండాలి. "మూడో సెమిస్టర్‌కు అర్హత ఉంది" అన్న మాట కూడా ఉండాలి. తప్పు దొర్లితే అక్కడికక్కడే మార్పించండి. పైన దిద్దిన టీసీ కాకుండా కొత్తగా రాసిన టీసీనే అడగండి. టీసీ చేతికి వచ్చిన రోజో, మర్నాడో కొత్త కళాశాలలో చేరిపోవాలి.

8. ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను వెంట తీసుకెళ్లండి

స్కాలర్‌షిప్‌లు, ఫీజు రీయింబర్స్‌మెంట్ చూసే ప్రభుత్వ జ్ఞానభూమి పోర్టల్‌లో మీ వివరాలు పాత కళాశాల పేరు మీదే ఉంటాయి. మనిషి మారినంత మాత్రాన అవి మారవు. పాత కళాశాల అక్కడ మిమ్మల్ని విడుదల చేయాలి, కొత్త కళాశాల చేర్చుకోవాలి. టీసీ తీసుకునే రోజునే స్కాలర్‌షిప్ చూసే గుమస్తాను కలిసి ఈ పని చేయించండి. తర్వాత ఫోన్లో అడిగితే నెలలు గడుస్తాయి.

కొత్త కళాశాల ఫీజు పాతదానికంటే ఎక్కువగా ఉండవచ్చు. రీయింబర్స్‌మెంట్ ఎంత మేరకు వర్తిస్తుందో, తేడా ఎవరు కట్టాలో చేరకముందే అడగండి. చేరాక గ్రామ లేదా వార్డు సచివాలయంలో ఈకేవైసీ మళ్లీ చేయమంటారేమో కనుక్కోండి. సాంఘిక సంక్షేమ, బీసీ సంక్షేమ హాస్టళ్లలో ఉన్నవారు హాస్టల్ మార్పు దరఖాస్తును కూడా ఇదే సమయంలో పెట్టుకోవాలి.

9. చేరిన మొదటి నెలలో

☐ హాజరు పట్టీలో మీ పేరు ఎక్కిందా, ఏ తేదీ నుంచి లెక్కిస్తున్నారు
☐ పాత హాల్‌టికెట్ నంబరు కొనసాగుతుందా, కొత్తది ఇస్తారా
☐ బ్యాక్‌లాగ్ (ఇంకా పాసవ్వని పేపరు) ఉంటే ఏ నంబరుతో, ఏ కేంద్రంలో రాయాలి
☐ మీ క్రెడిట్లు జమయ్యే ఏబీసీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) ఖాతాలో పాత క్రెడిట్లు కనబడుతున్నాయా
☐ ఆర్టీసీ బస్‌పాస్ కొత్త మార్గానికి మారిందా

ఏబీసీ గురించి ఒక మాట. ఆ ఖాతాకు ఉన్న 12 అంకెల నంబరు మీతోపాటే వస్తుంది, కొత్తది తీసుకోకూడదు. అయితే స్వయంప్రతిపత్తి ఉన్న పాత కళాశాల క్రెడిట్లను ఎక్కించకపోతే ఖాతా ఖాళీగా కనబడుతుంది. పేర్లు కలవకపోయినా అంతే: ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పదో తరగతి మెమోలో ఒక్క అక్షరంగా ఉన్నవారికి ఈ ఇబ్బంది తరచుగా వస్తుంది. ముందు పేరు సరిచేయించుకుని, ఆ తర్వాత క్రెడిట్ల గురించి అడగండి.

10. పని ఆగిపోయే చోట్లు

పాత కళాశాల ఎన్‌వోసీ ఇవ్వకపోతే: నోటిమాటగా అడగడం ఆపి, దరఖాస్తును రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రాతపూర్వకంగా తిరస్కరించమని అడగండి. ఆ తర్వాత రిజిస్ట్రార్‌కు రాయవచ్చు.

విశ్వవిద్యాలయం నుంచి కబురు లేకపోతే: ఇన్‌వార్డ్ నంబరుతో సంబంధిత సెక్షన్‌లో విచారించండి. అప్పటికీ తెలియకపోతే, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఫైలు ప్రస్తుత స్థితి అడగవచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. సెమిస్టర్ మొదలయ్యే రోజులు దగ్గరపడితే ఆ 30 రోజులు కూడా బరువే కాబట్టి, ఈ దారిని చివరికి ఉంచుకోండి.

బ్యాక్‌లాగులు ఉంటే: బదిలీకి అవి అడ్డమా కాదా అన్నది ఆ ఏటి ప్రకటనలో చూడాలి. అడ్డం కాకపోయినా, స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలో మిగిలిన బ్యాక్‌లాగును అక్కడికే వెళ్లి రాయవలసి రావచ్చు.

అనుమతి నిరాకరిస్తే: మీరు ఇంకా టీసీ తీసుకోలేదు కాబట్టి పాత కళాశాల విద్యార్థే. ఫలితం తేలేదాకా తరగతులకు వెళ్లడం మానవద్దు, హాజరు తగ్గనివ్వవద్దు, మూడో సెమిస్టర్ పరీక్ష ఫీజును గడువులోపు అక్కడే కట్టండి. పోలిక పట్టీని పారేయకుండా ఉంచుకుంటే, వచ్చే ఏడాది ఐదో సెమిస్టర్ ముందు మళ్లీ ప్రయత్నించేటప్పుడు దానికి రెండు సెమిస్టర్ల వివరాలు కలిపితే సరిపోతుంది.